ఒంటి పోగు

మోకాలు మడిస్తే నొప్పి, చాపుదామంటే ముందు సీటు అడ్డం, ఈ సినిమా హాళ్ళు కట్టేవాళ్ళకి కాళ్ళుండవు కాబోలు అనుకుంటూ ఆమె కుడికాలు కొంచెం పక్కకి తిప్పుకుంది, పక్కన భర్త పాప్‌కార్న్ నములుతున్నాడు, ఆ నమలడం కూడా పాట తాళానికే పడుతోంది, ఆయనకి తెలీదు పాపం, హాల్లో ఎవరికీ తెలీదు, అందరి కాళ్ళూ సీట్ల కింద చీకట్లో ఆడుతున్నాయి, కథ ఏముంది గనక, మొదటి భాగంలో ఒక పేదపిల్ల డాన్సు పోటీకి వెళ్ళింది, వానలో తడిసింది, చివర గెలిచింది, రెండో భాగంలో అదే పిల్ల ఇంకా పెద్ద పోటీకి వెళ్ళింది, ఇంకా పెద్ద వానలో తడిసింది, కాసేపట్లో గెలుస్తుంది, ఆ సంగతి గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడికి కూడా తెలుసు, అయినా జనం ఎగబడి వచ్చారు, కథ కోసం ఎవరొచ్చారు, కూర్చున్నచోటే ఆడుకోవచ్చని వచ్చారు, ఇంట్లో లేచి రెండు గెంతులు గెంతితే పిచ్చెక్కిందా అంటారు, ఇక్కడ చీకట్లో కాళ్ళని ఎవరూ ఏమీ అనరు, ఆమె కూడా అందుకే రావలసింది, కానీ ఆమె తెరమీద ఆడే చెల్లెల్ని చూడటానికి వచ్చింది, చూశాక ఒక్క మాట చెప్పడానికి వచ్చింది, ఆ మాటని పొద్దుటినుంచీ నాలుక కింద దాచుకుని కూర్చుంది, నీకు నడుము తిరగడం లేదే, అంతే, అంతకంటే అక్కర్లేదు.

అడిగింది చెల్లెలే కదా, నిన్న ఫోను చేసి, అక్కా, మూడో భాగానికి కూడా పిలిచారే, నేనింకా ఊ అనలేదు, నువ్వు చూసి చెప్పు, నువ్వు బాగోలేదంటే మానేస్తాను, నీ మీదొట్టు అంది, నా మీదెందుకే ఒట్టు, నీ మోకాళ్ళ మీద వేసుకో అని ఆమె నవ్వుతూనే అంది, నవ్వుతూ అంటే ఏదైనా అనేయొచ్చు, ఇప్పుడు ఆ మోకాళ్ళే తెరమీద ఇంతింత కనిపిస్తున్నాయి, హీరోయిన్ పక్కన, మొదటి వరసలో, నున్నగా, వంగుతూ లేస్తూ, ఈ మోకాలూ ఆ మోకాలూ ఒక్క కడుపున పుట్టినవే, ఇదేమో భర్త ఇస్త్రీ దుకాణంలో పెట్టె ఆవిరికి తడిసిన మెట్టు మీద జారి ఆట మానేసి ఆగిపోయింది, అదేమో మొదటి వరసకి పోయి నిలబడింది, చిన్నప్పుడు అద్దం ముందు ఆమె ఆడుతుంటే వెనకాల నిలబడి తప్పుతప్పుగా చేతులూపేది చెల్లెలు, అమ్మ చూసి, అదిగో మన రెండో భాగం కూడా వచ్చేసింది, టిక్కెట్టు లేకుండా అనేది, అప్పుడు ఎంత నవ్వొచ్చేదో, ఇప్పుడు ఆ రెండో భాగానికి టిక్కెట్టు కొనుక్కుని వచ్చి కూర్చుంది మొదటి భాగం, కడుపులో మండుతుంటే మంచినీళ్ళు తాగింది, నీళ్ళకి తగ్గే మంటా ఇది, నాలుగు వరసల ముందు చెల్లెలు తోటి డాన్సర్ల మధ్య కూర్చుని ఉంది, జడ కూడా కనిపిస్తోంది, తెరమీద ఒకటి, సీట్లో ఒకటి, ఎటు చూసినా ఇదే.

డప్పు మారింది, వచ్చేస్తోంది, భర్త మోచేత్తో పొడిచాడు, అదిగోనోయ్, నీ నడుంనొప్పి స్టెప్పు, హాలంతా ఈలలు, తెరమీద అందరూ ఎడమచెయ్యి నడుం మీద వేసి, అరక్షణం ఆగి, ఆలస్యంగా తిరగబోతున్నారు, ఆమె కళ్ళు గట్టిగా మూసేసుకుంది, చూడలేను బాబూ, వాళ్ళందరూ నా తప్పుని వరసలు కట్టి ఆడుతుంటే చూడలేను, ఎందుకంటే మొదటి భాగంలో మూడో వరస చివర నిలబడి ఆలస్యంగా తిరిగింది ఆమె ఒక్కతే, అందరూ తిరిగాక తిరిగింది, చెయ్యి నడుం మీద వేసుకుని తిరిగింది, డాన్సు మాస్టారు మైకులో, ఎవరమ్మా ఆ చివర, నడుంనొప్పా, ఇంటికెళ్ళి కాపడం పెట్టుకో అని అందరి ముందూ అరిచాడు, తరవాత హీరోయిన్ మొహం ఆ టేకులోనే బాగా వచ్చిందని అదే ఉంచేశారు, జనం హీరోయిన్ని వదిలేసి మూడో వరస చివర పిల్లని పట్టుకున్నారు, ఫోన్లలో తిప్పారు, బళ్ళలో పిల్లలు వేశారు, విందుల్లో తాతలు వేశారు, పేరు మాత్రం మాస్టారు పెట్టిందే మిగిలింది, నడుంనొప్పి స్టెప్పు, వేసినదాని పేరు ఎవరూ అడగలేదు, నేను తప్పు చేశాను, చెల్లెలు దాన్ని సాధన చేసింది, తప్పు చేసినదాన్ని మూడో వరసలో పెట్టి, నేర్చుకున్నదాన్ని మొదటి వరసలో పెట్టారు, ఏం న్యాయం ఇది, ఈలలు ఆగేదాకా ఆమె కళ్ళు తెరవలేదు.

అసలు నడుంనొప్పీ కాదు, మన్నూ కాదు, హుక్కు, లంగా హుక్కు, ఆ పొద్దున కుట్టింది చెల్లెలే, అప్పటికింకా బడిపిల్ల, షూటింగ్ చూస్తానని సంచి మోస్తూ వెంటపడింది, అక్కా నేను కుడతానే అని సూది లాక్కుని, నాలుగు పోట్లు పొడిచి, దారం పంటితో కొరికి, అయిపోయింది పో అంది, పాట మధ్యలో నడుం దగ్గర టప్పుమంది, ఊడింది, ఇంకో క్షణంలో లంగా నేలమీద ఉండేది, గభాల్న చెయ్యి వేసి పట్టుకుంది, పట్టు దొరికాక తిరిగింది, అందుకే ఆలస్యం, బట్టలు మార్చుకునే గదిలో చూసుకుంటే ఒంటి పోగు, రెండు పోగులెయ్యాలని కూడా తెలీదుటే మొద్దూ, పరువు పోయేది కదే అని అరిస్తే, అది సంచి ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది, చూశానక్కా, నువ్వు పట్టుకోవడం చూశాను, పడిపోతుందని ఊపిరి కూడా తీసుకోలేదు అని ఏడుస్తూనే చెప్పింది, వినలేదు అప్పుడు, ముక్కు తుడుచుకో ముందు అంది అంతే, అది ఇప్పుడెందుకు గుర్తొస్తోంది, వద్దు, మాట మీద ఉండు, నీకు నడుము తిరగడం లేదే, బాగా నోటికి పట్టింది.

దీపాలు వెలిగాయి, పేదపిల్ల గెలిచింది, జనం కళ్ళు నులుముకుంటూ లేచారు, భర్త కారు తీసుకొస్తానని ముందు పోయాడు, ఆమె సీటు పట్టుకుని లేచి మెట్ల దగ్గరకొచ్చింది, దిగేటప్పుడే ఈ మోకాలి అసలు బుద్ధి తెలుస్తుంది, ఒక మెట్టు, ఆగి ఇంకో మెట్టు, ఎడమచెయ్యి దానంతటదే నడుం మీదకి పోయింది, వెనకాల ఎవరో పకపకా నవ్వారు, తిరిగి చూస్తే ముక్కూమొహం తెలియని పెద్దావిడ, ఏమ్మోయ్, నువ్వు కూడా మొదలెట్టావా నడుంనొప్పి స్టెప్పు అంది, ఆమెకి కూడా నవ్వక తప్పలేదు, కానీ అలా కాదమ్మా అని పెద్దావిడే అందుకుంది, సినిమాలో అందరూ అలాగే చెయ్యి ఊరికే పైన ఆనించారు, మొదటి వరసలో ఆ జడపిల్ల ఉంది చూడు, అదొక్కత్తే సరిగ్గా వేసింది, బొటనవేలు నడుంపట్టీ లోపలికి దూర్చి పిడికిలి బిగించింది, లంగా ఎక్కడ జారిపోతుందో అన్నట్టు, నాకైతే లేచి వెళ్ళి పట్టుకుందామనిపించింది అంటూ ఆవిడ పక్కనుంచి దిగి వెళ్ళిపోయింది.

బొటనవేలా, ఆమె మెట్టు మీదే ఆగిపోయింది, వెనకవాళ్ళు తప్పుకోండి తప్పుకోండి అంటున్నారు, మొదటి సినిమాలో బొటనవేలు ఎక్కడ కనిపించింది, వోణీ కొంగు పడి పిడికిలి మొత్తం కప్పేసింది, ఎన్నిసార్లు తిప్పి చూసుకుందో, చెయ్యి నడుం మీద ఉన్నట్టే ఉంటుంది తప్ప లోపల ఏం పట్టుకుందో తెలీదు, మాస్టారికి తెలీదు, కెమెరాకి తెలీదు, వేలు దూర్చి పట్టుకున్నానని తను ఎవరికీ చెప్పలేదు, భర్తకి కూడా, మరి చెల్లెలికెలా తెలిసింది, ఎలా అంటే ఆ రోజు కెమెరా హీరోయిన్ని చూస్తోంది, మాస్టారు హీరోయిన్ని చూస్తున్నాడు, దీపాలు పట్టుకున్నవాళ్ళు కూడా హీరోయిన్నే చూస్తున్నారు, పక్కవైపు గోడకి ఆనుకుని సంచి పట్టుకున్న పిల్ల ఒక్కత్తి మూడో వరస చివర చూస్తోంది, ఊపిరి బిగబట్టి, అక్కనే చూస్తోంది, ఇన్నాళ్ళూ నన్నెవరూ చూడలేదు, నన్నెవరూ చూడలేదు అని కడుపులో కుంపటి పెట్టుకుని తిరిగింది కదా, కింద మెట్ల చివర చెల్లెలు నిలబడి ఉంది, అందరూ చుట్టూ చేరి ఫోటోలు తీస్తుంటే వాళ్ళ భుజాల మీదుగా మెడ సాచి పైకి చూస్తోంది, ఇక్కడికే, ఏమంటావక్కా అంది అక్కడినుంచే, మొహం పాలిపోయి, ఊపిరి తీసుకోకుండా, అచ్చం అప్పటిలాగే, నాలుక కింద మాట కోసం వెతికితే దొరకలేదు, మంట పూర్తిగా ఆరిందా అంటే లేదు, ఆ మోకాళ్ళు ఇంకా ఆ మోకాళ్ళే, కానీ తనని చూసిన కళ్ళు కూడా అవే, ఆమె రెయిలింగు పట్టుకుని ఇంకో మెట్టు దిగి, మూడో భాగానికి కూడా హుక్కు నువ్వే కుట్టుకోవే, ఒంటి పోగుతోనే అంది.