మంచమెక్కిన బొంత

కండక్టరు ఉద్యోగమంతా నిలబడే చేశాడు. బస్సు నిండా సీట్లే, వాటిలో ఒక్కటీ ఆయనది కాదు. రిటైరైన రోజున మెడలో దండ వేసి, "ఇక ఏం చేస్తారండీ?" అని అడిగితే, "పడుకుంటాను" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఇంటికొచ్చి మొట్టమొదట కొన్నది మంచి పరుపు. దాని మీద కాళ్లు బారజాపి పడుకున్న నాడు, తనకంటూ ఒక సీటు దొరికిందనుకున్నాడు.

ఆ సుఖం ఎన్నాళ్లో నిలవలేదు. ఆయన భార్య వీధి చివరి మేడ మీద క్విల్టింగు క్లాసులో చేరింది.

క్విల్టంటే మరేం కాదు, బొంత. పైన గుడ్డముక్కల అతుకులు, మధ్యన దూది పొర, కింద అస్తరు, మూడూ కలిపి కుట్టేది. కానీ ఆవిడ ముందు బొంత అన్నవాడు బతికి బట్టకట్టడు.

"బొంత కాదండీ, క్విల్టు. దీని మీద పెద్ద చెట్టు వస్తుంది. గుడ్డను ఆకుల్లా కత్తిరించి, అంచులు లోపలికి మడిచి పైన కుడతాం. అప్లిక్ అంటారు దాన్ని."

"అంటే అతుకేగా?"

"మీకు చెప్పానూ, నాదీ బుద్ధితక్కువ!"

చెట్టుకు ముందు పాత గుడ్డలు పోయాయి, తరవాత కొత్తవి పోయాయి. కండక్టరు కాకీ యూనిఫాం మాను కింద పోయింది. "రిటైరయ్యాక మీకెందుకండీ అది, ఎవరికి టికెట్లు కొడతారు?" అని ఆవిడ కత్తెర ఆడిస్తూనే అడిగింది. ఆయన ఆకుపచ్చ చొక్కాలన్నీ ఆకులయ్యాయి. కట్టుకున్న లుంగీ నీలం గళ్లది కాబట్టి ఒంటి మీద మిగిలింది.

ఇంతవరకూ ఓర్చుకున్నాడు. మూడు పొరలూ జారకుండా పరిచి, గుండుసూదులు గుచ్చి, పొడుగు కుట్లు టాకాలుగా వెయ్యడానికి వెడల్పాటి చోటు కావాలంది ఆవిడ. ఆ ఇంట్లో అంత వెడల్పు మంచానికి తప్ప మరి దేనికీ లేదు.

"రెండ్రోజులే!" అంది.

బయట చెట్లు ఆకులు రాల్చి మళ్లీ చిగురించాయి. మంచం మీది చెట్టుకు మాత్రం సగం కొమ్మలు బోసిగానే ఉన్నాయి. కండక్టరు హాల్లో ఇద్దరు కూర్చునే సోఫాలో మోకాళ్లు గడ్డానికి ఆనించి పడుకునేవాడు. పొద్దున లేచేసరికి మెడ ఒకవైపే తిరిగేది. ఆవిడ మాత్రం పసిబిడ్డకు కాపలా ఉన్నట్టు మంచం పక్కనే కింద చాప వేసుకుని పడుకునేది.

ఆవిడ కుట్టదని కాదు. ఒక ఆకు కుట్టడానికి ఒక పూట పడితే, దాన్ని కిటికీ వెలుగులో ఫోటో తీసి క్లాసు వాళ్లకు పంపడానికి ఇంకో పూట పట్టేది. వాళ్లు "అద్భుతం" అని రాసేదాకా రెండో ఆకు జోలికి పోయేది కాదు.

ఒకనాడు ఆవిడ తమ్ముడు వచ్చాడు. ఎలక్ట్రీషియన్. గుమ్మంలోనే ఆగిపోయి నవ్వాడు.

"ఏం బావా, నిన్ను మడతపెట్టి సోఫాలో దాచేశారే!"

"నవ్వరా నవ్వు. మీ అక్క మంచానికి పిన్నులు గుచ్చింది. నాకు గుచ్చకుండా ఉంది, అంతవరకు నయం."

"అక్కా! నీ బొంత ఎప్పటికవుతుందే?"

లోపలి నుంచి, "బొంతంటే కాళ్లిరగ్గొడతా!" అని వినబడింది.

వాడు గొంతు తగ్గించి, "దీన్ని నమ్ముకుంటే నువ్వు సోఫాలోనే పోతావు బావా. అది క్లాసుకెళ్లినప్పుడు నువ్వే ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు.

"నాకేం వచ్చురా?"

"పరిగెత్తే బస్సులో ఒంటికాలి మీద నిలబడి టికెట్లు చింపినవాడివి. మంచం పక్కన కూర్చుని గుడ్డకు సూది గుచ్చలేవా?"

ఆ మాట కండక్టరు మనసులో నాటుకుంది. మర్నాడు ఆవిడ మెట్లు దిగిందో లేదో, తలుపు గడియ పెట్టి సూది అందుకున్నాడు. కత్తిరించిన ఆకులు డబ్బాలో సిద్ధంగా ఉన్నాయి. మొదటి ఆకు కుట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి, మరొకటి ఎటు పోయిందో ఆయనకే తెలీదు. గతుకుల రోడ్డు మీద బస్సులా ఆ కుట్టు ఊగుతూ, ఎగిరిపడుతూ పోయింది. ఆకు అంచు ఒకచోట లేచింది, ఇంకోచోట ముడుచుకుపోయింది. అయితేనేం, ఆకు ఆకే. క్లాసు ఉన్న రోజల్లా కుట్టాడు. పై కొమ్మ నిండింది.

ఆవిడ చూసింది. చూసి, పట్టుకుంటుందేమోనని ఈయన సూది పోట్లు పడ్డ వేళ్లు వెనక్కి దాచుకుంటే, "ఇన్ని కుట్టేశానా నేను! చెయ్యి తిరిగితే లెక్కే తెలియదంటారు, ఇదేనండీ" అని మురిసిపోయింది. తన గొప్ప పెరిగే చోట ఆవిడకు అనుమానం పుట్టదు.

కథ ఇక్కడ ఆగినా బాగుండేది. చెట్టు చూడటానికి క్లాసు టీచరమ్మే ఇంటికొచ్చింది. మంచం చుట్టూ తిరిగింది. కండక్టరు భార్య ప్రాణం పెట్టి తిన్నగా కుట్టిన ఆకుల మీద వేలు రాసి, "బాగున్నాయి. మెషీను మీద కుట్టినట్టున్నాయి" అంది. చేత్తో కుట్టేవాళ్లను తిట్టడానికి అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఆవిడ మొహం మాడిపోయింది.

టీచరమ్మ పై కొమ్మ దగ్గర ఆగిపోయింది.

"ఇవి ఎవరు కుట్టారు?"

"నేనేనండీ" అంది ఆవిడ, ఆలోచన కంటే నోరు ముందుండి.

"ఇదీ పనంటే! ఇక్కడ చెయ్యి కనబడుతోంది. గాలి ఆడుతోంది, ఆకు కదులుతోంది. చెట్టంతా ఇలా కుట్టండమ్మా, మన క్లాసు ఎగ్జిబిషన్లో నడిమి గోడ మీదే పెడదాం."

మంచినీళ్లు పట్టుకొచ్చిన కండక్టరు ఆ గ్లాసు టీచరమ్మకు ఇవ్వడం మరిచి తనే తాగేశాడు.

టీచరమ్మ వీధి మలుపు తిరగకముందే ఆవిడ చిన్న కత్తెర తీసుకుని మంచం దగ్గర కూర్చుంది.

"ఏం చేస్తున్నావే?"

"విప్పుతున్నా."

"ఏమిటి విప్పేది?"

"నేను కుట్టిన... అదే, తిన్నగా వచ్చిన ఆకులన్నీ."

ఆయన చూస్తుండగానే ఇన్నాళ్ల ఆకులు ఒక్కొక్కటే ఊడి డబ్బాలో పడ్డాయి. పై కొమ్మ తప్ప చెట్టంతా మోడయింది. ఇక ఆవిడ వంకరగా కుట్టడానికి కూర్చుంది. ఎడమచేత్తో కుట్టింది. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కుట్టింది. ఎలా కుట్టినా కుట్టు తాడు పట్టినట్టు తిన్నగానే వచ్చేది. మళ్లీ విప్పేది. మంచం రోజు రోజుకీ దూరమవుతూంటే, ఆయన ఉండబట్టలేకపోయాడు.

"ఆ పై కొమ్మ ఆకులు నేను కుట్టినవే."

ఆవిడ ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. "మీరా! చొక్కాకు గుండీ కుట్టడం రాదు మీకు."

"అందుకే అలా వచ్చాయి."

సూది లాక్కుని ఆవిడ కళ్లముందే ఒక ఆకు కుట్టాడు. అదే ఊగుడు, అదే ఎగురుడు. ఆవిడ నవ్వు ఆగింది. మొగుడి మీద కోపం వచ్చింది, టీచరమ్మ మీద వచ్చింది, నోట్లోంచి మాత్రం ఒక్క మాటే వచ్చింది.

"ఎవరికైనా చెప్పారా?"

కండక్టరుకు ప్రాణం లేచొచ్చింది. "మంచం ఇస్తే చెప్పను."

ఒప్పందమైంది. టాకాలు పడ్డాయి కాబట్టి బొంత సగం చుట్టుకుని భోజనాల బల్ల మీదికి మారింది. మిగతా ఆకులన్నీ ఎగ్జిబిషన్ రోజుకు ఆయన కుట్టాలి, మంచం ఇక ఆయనది. ఆయన రెక్కలు ముక్కలు చేసుకుని కుట్టాడు. ఆవిడ పక్కన నిలబడి, "అంత తిన్నగా పోకండి, చెడగొడుతున్నారు!" అని గదమాయించింది.

ఆ రోజు రానే వచ్చింది. తమ్ముడి వ్యానులో బొంతను ఎక్కించి, "మీరూ రండి" అంది ఆవిడ. "నాకు పనుంది" అని కండక్టరు లోపలికెళ్లి మంచం మీద బారుగా వాలాడు. అలా ఎంతసేపు పడుకున్నాడో, ఫోను మోగింది.

"ఏవండీ!" ఆవిడ గొంతు గుసగుసలాడుతోంది. "టీచరమ్మ అందరి ముందూ ఒక ఆకు కుట్టి చూపించమంటోంది. కాస్త వస్తారా?"

"వచ్చి? నీ వెనకాల నక్కి కుట్టనా?"

"పోనీ, ఎలా కుడతారో చెప్పండి."

"అది తెలిస్తే తిన్నగానే కుట్టేవాణ్ణిగా!"

ఫోను ఆపేసి అటు తిరిగి పడుకున్నాడు. వీధిలో ఆవిడ పరువు ఏమైనా, బొంత పీడ విరగడైపోతుందనుకుంటే నిద్ర ఇంకా కమ్మగా పట్టింది.

సాయంత్రం తమ్ముడి నవ్వు ముందొచ్చింది, ఆ వెనక వాడొచ్చాడు.

"అయిపోయిందనుకున్నా బావా! అక్క చెమటలు కక్కుతూ కుడితే, గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. నేను వ్యాను తాళాలు తీసేశా, పారిపోదామని. ఇంతలో టీచరమ్మ ఏమందో తెలుసా? 'చూశారా, అసలైన కళాకారిణి తన గుట్టు పదిమందిలో విప్పదు' అంది. ఒకటే చప్పట్లు!"

వెనక నుంచి ఆవిడ వచ్చింది. కళ్లు నెత్తి మీదున్నాయి. చేతిలో కొత్త గుడ్డల మూట.

"లేవండి. రేపట్నుంచి ఆడవాళ్లు మనింటికే వస్తున్నారు, నేర్చుకోవడానికి. బల్ల చాలదు. మంచం కావాలి."

"మాటంటే మాటే! అందరికీ చెప్పేస్తాను, కుట్టింది నేనని."

"చెప్పండి" అంది ఆవిడ చల్లగా. "ఎవరు నమ్ముతారో చూస్తాను."

కండక్టరు బావమరిది వైపు చూశాడు. వాడు కప్పు మీది ఫ్యాను వైపు చూశాడు.

"మరి నేనెక్కడ పడుకోను?"

ఆవిడ అప్పటికే పరుపు మీద దూది పొర పరుస్తోంది. "పడుకోవడానికి మీకు తీరికెక్కడిదండీ? వాళ్లకు చూపించడానికి తెల్లారేసరికి ఆకులు కావాలి. కాస్త ఆ కాళ్లు తియ్యండి."