హెచ్చరిక పోయింది

మూడు రోజులు ఆ కంప్యూటరుతో కొట్లాడాను. గెలిచాను కూడా. ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు ఏడుస్తున్నాను.

డోన్‌లో స్టేషన్‌కు పోయే దారిలో నా ఫొటో స్టూడియో. నా పేరు రాఘవేంద్రప్రసాద్, బోర్డు మీద ప్రసాద్ వరకే పట్టింది. పెళ్లి ఆల్బమ్‌లు, పాస్‌పోర్టు సైజులు, పాత ఫొటోలు బాగుచేయడం నా పని. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేరు ఎనిమిదేళ్ల కింద కర్నూలు నుంచి వచ్చిన ఒకతను సీడీలో తెచ్చి ఎక్కించాడు. దానికి లైసెన్సు ఉందని అతను చెప్పలేదు, ఉందా అని నేను అడగలేదు. మా లైనులో అలా అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఒక సోమవారం ఆ సాఫ్ట్‌వేరు తనంతట తానే అప్‌డేట్ అయింది. అప్పట్నుంచి ఐదు నిమిషాలకోసారి తెర నడుమ ఎర్ర పెట్టె ఒకటి. మీరు వాడుతున్నది అసలు కాపీ కాదు, పది రోజుల్లో ఆగిపోతుంది అని. మూసేస్తే మళ్లీ వచ్చేది. పెళ్లికూతురి బుగ్గ దిద్దుతుంటే సరిగ్గా బుగ్గ మీదే వచ్చి కూర్చునేది. వచ్చినవాళ్లు నా భుజం మీంచి తొంగిచూసి అదేమని అడిగేవాళ్లు. దొంగసరుకు పెట్టుకుని కూర్చున్నానని ఊరంతా చాటుతున్నట్టుండేది. నాకు అసలే ముక్కు మీద కోపం.

ఆ రోజుల్లోనే నా దగ్గర వెంకటేశ్వరమ్మ పని ఒకటి ఉంది. ఆమెది కోడుమూరు దగ్గర పల్లె, డెబ్బై దాటిన మనిషి. మనవరాలు అమూల్య పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు ఇంట్లో పోయిన పెద్దలకు బట్టలు పెడతారు కదా, ముత్తయిదువగా పోయిన తన తల్లికి చీర, పసుపుకుంకుమ పెట్టడానికి ఫొటో పెద్దది చేయించుకుందామని వచ్చింది. ఆ తల్లికి ఉన్నది ఒకటే ఫొటో, అరచేతిలో పట్టేంత. చెమ్మకు ఫ్రేము అద్దానికి అంటుకుపోయింది. అద్దంతో పాటే స్కాన్ చేశాను. ఊడదీస్తే ఇంకా బాగా వస్తుందని ఆశపడి అంచు లేపితే, మొహమంతా పొలుసుల్లాగా లేచి పొడైపోయింది. ఆమె బిత్తరపోయింది. స్కాన్ ఉంది గదా అని నేనే ధైర్యం చెప్పి పంపించాను.

ఇక రెండు రోజులకోసారి ఫోను, మా యమ్మ ఆ డబ్బాలో భద్రంగా ఉండాదా అని. విసుక్కునేవాణ్ణి. మర్చిపోకుండా కంటికెదురుగా ఉంటుందని ఆ ఫైలును డెస్క్‌టాప్ మీదే పెట్టుకున్నాను. ఇంకోచోట దాచి పెట్టాలన్న బుద్ధి పుట్టలేదు.

ఎర్ర పెట్టెను పోగొట్టడానికి వీడియోలన్నీ చూశాను. నెట్ తీసేయమన్నాడొకడు, ఏదో ఫైలు చెరిపేయమన్నాడింకొకడు. అన్నీ చేశాను. ఐదు నిమిషాలకు వచ్చేది రెండు నిమిషాలకే రావడం మొదలుపెట్టింది. మూడో రోజు మధ్యాహ్నం నీ సంగతి చూస్తానుండు అని పైకే తిట్టి, ఫార్మాట్ కొట్టి అన్నీ కొత్తగా ఎక్కించాను. పెళ్లి ఫొటోలన్నీ డి డ్రైవులో ఉన్నాయి, వాటికేం కాలేదు. డెస్క్‌టాప్ మీద పెట్టినవి సి డ్రైవులోవని, ఫార్మాట్ కొడితే మొదట పోయేవి అవేనని పదిమందికి నేర్పినవాణ్ణి నేను. కోపంలో అది తట్టలేదు. తెర శుభ్రంగా లేచింది, ఎర్ర పెట్టె లేదు. దర్జాగా టీ తెప్పించుకున్నాను. సగం తాగాక గుర్తొచ్చింది.

పోయినవి వెతికిపెట్టే సాఫ్ట్‌వేరుతో రెండు రోజులు వెతికాను. ఫైలు పేరు దొరికింది. తెరిస్తే అంతా బూడిదరంగు.

ఫోన్ చేసి నిజం చెప్పాల్సింది. నంబరు తీశాను, మళ్లీ పెట్టేశాను. పెళ్లివాళ్లకు ఇలాంటి మాట ఎలా చెప్పేది అని సాకు వెతుక్కున్నాను గానీ, అసలు సంగతి భయం. అంతకుముందు నెలలో తీసిన అమూల్య పాస్‌పోర్టు ఫొటో నా దగ్గరుంది. దాన్ని మొహాలు మార్చే యాప్‌లో వేసి, నలుపు తెలుపు చేసి, నడిపాపట తీసి, ముక్కుకు బేసరి పెట్టి, అంచుల్లో చెమ్మ మరకలు కూడా నేనే వేశాను. పని బాగా కుదిరిందని ఒక క్షణం మురిసిపోయాను కూడా. అది తల్చుకుంటేనే నా మీద నాకు అసహ్యం.

శనివారం అవ్వా మనవరాలూ ఇద్దరూ వచ్చారు. ఫ్రేము చూడగానే అమూల్య సంబరపడింది, ముత్తవ్వ అచ్చం తనలాగే ఉందని. వెంకటేశ్వరమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని కొంగుతో అద్దం తుడిచి, చాలాసేపు చూసింది.

"మా యమ్మకు గడ్డం మింద మచ్చ ఉండల్లప్పా," అనింది. "దాని మింద ఏలు పెట్టుకోనే పండుకుంటాంటి. ఈడ లేదే?"

ఉంది. నేను చూశాను. స్కాన్‌ను పెద్దది చేసినప్పుడు దుమ్మనుకుని చెరపబోయి, మచ్చని తెలిసి ఆగాను. ఆ మాట చెప్పేస్తే సరిపోయేది. అమూల్య నా వైపే చూస్తూ నిలబడింది.

"ఫొటోలో లేదవ్వా," అన్నాను. "ఉండుంటే వచ్చిండేది."

ఆమె అద్దం మీద ఆ గడ్డం దగ్గర వేలితో ఒకసారి తడిమింది.

"అట్లయితే నేనే మర్సిపోయింటా. నాకు ఏడేండ్లప్పుడు పోయిందప్పా ఆయమ్మ, నాకు మాత్రం ఏం జ్ఞాపకముంటాది," అనింది. ఫ్రేమును మనవరాలి చేతికిచ్చి, మాటిమాటికీ ఫోన్ చేసి నన్ను శానా సతాయించినానని చెప్పి, నాకు దండం పెట్టింది.