కొండకు పోవలసిన తారు

నేను ఒక తారును. అదీ చలి కోసం కాచిన తారును. ఈ మాట ముందే చెప్పకపోతే మీరు కూడా అందరిలాగే ఎండను తిడతారు. మీ కళ్లకు తారంతా ఒకటే నలుపు. మాలో మెతకవాళ్లూ ఉన్నారు, మొండివాళ్లూ ఉన్నారు. చలికి రోడ్డు ముడుచుకుంటుంది, అప్పుడు కాస్త సాగే మెతక తారు ఉంటేనే పగలకుండా నిలుస్తుంది. ఎండ ఊళ్లకు మొండి తారు కావాలి, లేకపోతే వేసవిలో రోడ్డు కాస్తా పాకమవుతుంది. నేను మెతకదాన్ని. లంబసింగి కొండల్లో, శీతాకాలం తెల్లవారితే గడ్డి మీద మంచు పేరుకునే ఒక చిన్న ఊరికి పంపాలని నన్ను విశాఖలో డ్రమ్ములకు ఎత్తారు. మా అన్న మొండి తారును కొత్తగూడెం అవతల, బొగ్గు గనుల పక్కనున్న రాళ్లవాగుకు పంపాలని ఇంకో లారీలో ఎక్కించారు. రెండు రోడ్లకూ కంట్రాక్టరు ఒకడే.

నా లారీ డ్రైవరు కొమురేశ్‌ది కొత్తగూడెం వైపు. అన్న లారీ డ్రైవరు అప్పలకొండది ఆ కొండ ఊరే. అంటే ఎవరి ఊరికి ఎవరు పోవాలో, సరిగ్గా దానికి తలకిందులుగా పంపారన్నమాట. పైగా కొమురేశ్‌కు రాళ్లవాగు అమ్మాయి రజితతో అప్పుడే సంబంధం కుదిరింది. పిల్లను చూసింది ఒక్కసారి, అదీ ఇంటినిండా చుట్టాలుండగా. అనకాపల్లి దాటాక ఒక డాబా దగ్గర ఇద్దరూ ఆగారు. పరోటా తుంచుతూ కొమురేశ్ తన మనసులో మాట బయటపెట్టాడు.

"నీ ఇల్లు కొండ మీదుంది, నా పిల్ల ఎండల ఉంది. మనం ఉల్టా ఎందుకు పోవాలె? నల్లగున్నదంతా తారే గదా."

అప్పలకొండకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. ఇద్దరూ ఏ సరుకు ఏ ఊరికో రాసిన చీటీలు మార్చుకుని, టీ తాగి, ఎవరి దారిన వాళ్లు బయలుదేరారు. నేను డ్రమ్ములో ఎంత మొత్తుకున్నా ఏం లాభం? మూత బిగించిన తారు గోడు వినేదెవరు?

అలా నన్ను రాళ్లవాగులో పోశారు. కార్తీకమాసం కాబట్టి నేను బుద్ధిగానే ఉన్నాను. రోడ్డు వెన్నలా ఉందని ఊరంతా మెచ్చుకుంది. డ్రమ్ములు దించే వంకతో కొమురేశ్ రోజూ రజిత వాళ్ల ఇంటి ముందు ఆగేవాడు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చేది. దాహం లేకపోయినా చెంబెడూ తాగి, ఈ రోడ్డు తారు నేనే తెచ్చానని చెప్పుకునేవాడు. ఆ మాట ఆ పిల్లకు గుర్తుండిపోయింది. నిజం చెప్పాలంటే ఆ కొద్ది రోజులు నాకూ గొప్పగానే ఉండేది.

అక్కడ కొండ మీద చలి ముదిరేసరికి మా అన్న బిగుసుకుపోయి, మడమలు పగిలినట్టు పగిలాడట. అక్కడి ఇంజినీరు చలిని తిట్టాడు. ఇక్కడ శివరాత్రి వెళ్లేసరికి నేను అంచుల్లో మెత్తబడ్డాను. ఇక్కడి ఇంజినీరు ఎండను తిట్టాడు. ఎండా చలీ ఎదురు చెప్పవు కాబట్టి మనుషులకు వాటిని తిట్టడమంటే మహా ఇష్టం. డ్రమ్ముల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఉగాది దాటాక నేను దొరికినదల్లా పట్టుకోవడం మొదలుపెట్టాను. ఏం చేయను, నాకు వచ్చిన విద్య అదొక్కటే. కొద్ది రోజుల్లోనే చెప్పుల దుకాణం పెట్టేంత సరుకు నా దగ్గర చేరింది. అన్నీ ఒంటి చెప్పులే.

వైశాఖంలో కొమురేశ్ పెళ్లి వచ్చింది. ముహూర్తం సరిగ్గా మిట్టమధ్యాహ్నం. ఆ వైపు పెళ్లిళ్లలో ఎదురుకోళ్లు ఉంటాయి. మగపిల్లవాడి వాళ్లు ఊరి చివర దిగితే, ఆడపిల్ల వాళ్లు మేళంతో ఎదురెళ్లి, పానకం ఇచ్చి, పందిట్లోకి తీసుకువస్తారు. అయితే రాళ్లవాగు వాళ్లు ఎవరి కోసమూ పొలిమేర రాయి దాటరు. ఇది రజిత మేనమామ వీరస్వామి పట్టింపు. ఆడపిల్ల వాళ్లు తమ బస్సు దాకా రాకపోతే అడుగు కదపరు. ఇది కొమురేశ్ పెదనాన్న బుచ్చిరాములు పట్టింపు. రాయికి అటు వీళ్లు, ఇటు వాళ్లు నిలబడిపోయారు. నడుమ ఒక నులక మంచం పట్టేంత రోడ్డు ఖాళీగా మిగిలింది. ఆ రోడ్డును నేనే.

"ఇంతదూరం వచ్చినోళ్లం ఇంకో నాలుగడుగులు మేమే ఎయ్యాల్నా? మా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు బుచ్చిరాములు.

వీరస్వామి తాతలనాటి పద్ధతి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. తాతల దగ్గర మొదలుపెట్టినవాడు తండ్రి దాకా వచ్చేసరికే ఎండ నడినెత్తికెక్కింది. నేను మెత్తగా, మర్యాదగా ఒక్కొక్క చెప్పునే లోపలికి తీసుకున్నాను. అంచున ఉన్నవాళ్లు మట్టిలోకి దూకి చెట్ల కిందికి జారుకున్నారు. నడిరోడ్డున నిలబడిన పెద్దమనుషులకు, పెళ్లికొడుక్కు, పానకం బిందె మోస్తున్న ఆడవాళ్లకు, మేళగాళ్లకు అటూ ఇటూ కదిలే దారి లేదు. చెప్పులు వదిలితే కాళ్లు కాలుతాయి, వదలకపోతే కదల్లేరు. మేళగాళ్లు మాత్రం, ఎవరూ ఆపమనలేదు కాబట్టి, వాయిస్తూనే ఉన్నారు.

పందిట్లోంచి పంతులుగారి కబురు వచ్చింది. ముహూర్తం దగ్గర పడిందని, ఇది దాటితే వీళ్ల జాతకాలకు మళ్లీ శ్రావణం దాకా ఆగాల్సిందేనని. దాంతో పెద్దల మాటలు ముదిరాయి. కావాలనే మమ్మల్ని ఎండలో నిలబెట్టారని మగపిల్లవాడి వాళ్లు, మీ కాలు పడగానే ఊరి రోడ్డే కరిగింది, ఇంత అరిష్టమున్న ఇంటికి పిల్లను ఎలా ఇస్తామని ఆడపిల్ల వాళ్లు. పెళ్లి చేజారిపోతున్నదని కొమురేశ్‌కు అర్థమైంది. నాకు జాలేసింది, కానీ వదులుదామన్నా నాకు చేతకాదు.

తోడుపెళ్లికొడుకుగా పక్కనే ఇరుక్కున్న అప్పలకొండ వంగి నన్ను చిటికెడు తీసి వేళ్ల మధ్య సాగదీశాడు. కాసేపు చూశాడు. తర్వాత అతని కళ్లు పెద్దవయ్యాయి.

"ఒరే కొమురేశూ, ఇది మా కొండకి రావాల్సిన తారురా. అక్కడ మా రోడ్డు సలికి బీటలిచ్చీసింది. ఇక్కడిదేమో కరిగిపోతంది. డాబా కాడ మనం తిరగేసీసినాం."

కొమురేశ్ ఆ మాట మింగేయవచ్చు. ఎండ మీదికి నెట్టేస్తే అడిగేవాళ్లు లేరు, ఇంజినీరే నెట్టేశాడు. కానీ పెళ్లి ఎటూ పోయేలా ఉంది, అబద్ధంతో పోవడమెందుకనుకున్నాడో ఏమో, మేళం ఆపమన్నాడు.

"మామా, తప్పు ఎవల్ది గాదు, నాది. కొండకు పోవాల్సిన తారును నేనే ఈడికి మళ్లించిన. రజితను చూడొచ్చని."

ఇన్నేళ్ల ఎదురుకోళ్లలో ఇలాంటి మాట ఎవరూ విని ఉండరు. వీరస్వామికి కోపం రావాలో నవ్వు రావాలో తెలియక పొలిమేర రాయి వైపు చూశాడు. ఈలోగా మాట పందిట్లోకి పాకింది.

కాసేపటికి బాసింగం కట్టుకున్న రజితే బయటికి వచ్చింది. స్నేహితురాళ్ల చేత వాడకట్టులోని మంచాలన్నీ తెప్పించి, నా మీద ఒకదాని తర్వాత ఒకటి వేయించింది. వాటి మీదుగా నడిచి వచ్చింది. ఆఖరి మంచాన్ని రాయి పక్కన, సగం అటు, సగం ఇటు పడేట్టు వేయించింది. వెనకే పంతులుగారు పంచె ఎగ్గట్టుకుని మంచాలు దాటుకుంటూ వచ్చారు.

"అయ్యగారూ, గీ మంచాన్నే పెళ్లిపీట అనుకోండ్రి. తాళి ఈడనే కట్టిపియ్యండ్రి. నన్ను చూడనీకి రోడ్డే మలిపిండు, ఇప్పుడు ఎటన్న పోదామన్నా పోయేటట్టు లేడు."

కొమురేశ్ చెప్పులు నాకే వదిలేసి మంచమెక్కాడు. ఆడపిల్ల వాళ్లు పొలిమేర దాటలేదు. మగపిల్లవాడి వాళ్లు అడుగు కదపలేదు. ఇద్దరు పెద్దలూ తమ మాటే నెగ్గిందని మీసాలు దువ్వుకున్నారు. తాళి పడింది. తలంబ్రాలు వాళ్ల తలల మీద కన్నా నా మీదే ఎక్కువ పడ్డాయి. పడినవి పడినట్టే అంటుకున్నాయి. అప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. రోడ్డుకు అక్షింతలు వేసేదెవరు?

సంగతి తెలిసి కంట్రాక్టరు ఇద్దరు డ్రైవర్లనూ ఉతికి ఆరేశాడు. రాళ్లవాగుకు మొండి తారు తెప్పించి, నన్ను పెళ్లలు పెళ్లలుగా గీకించి, అదే లారీలో కొమురేశ్ చేతనే కొండకు పంపించాడు. రజిత కూడా కేబిన్‌లో కూర్చుని వచ్చింది. కొండ మీద నన్ను మళ్లీ కాచి మా అన్న బీటల్లో పోశారు. తలంబ్రాలు, కొమురేశ్ ఎడమకాలి చెప్పు ఉన్న ఒక్క పెళ్లను మాత్రం రజిత కాగులో వేయనివ్వలేదు. దాన్ని అప్పలకొండ ఒక గుంతలో అలాగే కూర్చోబెట్టి, చుట్టూ నన్నే పోశాడు.

పుష్యమాసంలో ఒక పొద్దున మళ్లీ ఆ లారీ నా పక్కన ఆగింది. రజిత దుప్పటి కప్పుకుని దిగి, మంచు తుడిచి, పసుపు గింజల్ని వేలితో తడిమింది. కొమురేశ్ వంగి చెప్పును పట్టుకుని గుంజాడు. రాలేదు. ఎండాకాలం వస్తే ఊడుతుందేమోనని, చూడవచ్చిన అప్పలకొండను అడిగాడు. ఇక్కడ ఎండాకాలం కూడా దుప్పట్లు కప్పుకునే పడుకుంటామని అతను నవ్వాడు.

"ఉండనియ్యి. నువ్వు ఏడున్నా ఒక కాలు ఈడుంటది," అంది రజిత.

లారీ మలుపు తిరిగి వెళ్లిపోయింది. ఎండలో నేను ఎందరినో పట్టుకున్నాను. అందరూ విడిపించుకుని ఇళ్లకు పోయారు. ఈ చలిలో నా దగ్గర మిగిలింది ఒక్క చెప్పు, గుప్పెడు తలంబ్రాలు. వీటిని మాత్రం వదలను.