నీళ్లు పోయే బెజ్జం

గ్రైండరు ఆపి, కారు వెనక చక్రం గూట్లోకి ఓబుళప్ప తల దూర్చాడు. తుప్పు తిన్న అంచు కోసేసి కొత్త రేకు అతికించడం పొద్దున్నే అయింది. ఇప్పుడు నీళ్లు దిగకుండా అతుకు పొడవునా సీలెంటు బంక పట్టించాలి, అది కాస్త గట్టిపడ్డాక అంచుకు రబ్బరు బీడింగు తొడగాలి. బ్రష్షు వాడే అలవాటు ఆయనకు లేదు. సబ్బునీళ్లలో బొటనవేలు ముంచి, పసిపిల్లకు కాటుక దిద్దినట్టు ఆ గీత వెంబడి మెల్లగా లాగుతాడు. ధర్మవరంలో షెడ్లకేం కొదవ? అయినా బత్తలపల్లి నుంచి కూడా బండ్లు వెతుక్కుంటూ వచ్చేది ఆ వేలి కోసమే.

ఇవాళ ఆ వేలికి నిలకడ లేదు. తాడిమర్రి నుంచి మేనకోడలు హేమావతి ఫోను చేసింది. "మామా, అమ్మకు బాగలేదు. ఉన్నపళంగా బయల్దేరు," అని పెట్టేసింది. అమ్మంటే చౌడక్క, ఓబుళప్పకు తోడబుట్టిన అక్క. తల్లి పోయేనాటికి ఈయన పాలు మరవని పసివాడు. అక్కే చంకనేసుకుని చెనిక్కాయ చేలల్లో కూలికి పోయి సాకింది. పెళ్లయి అత్తవారింటికి పోతూ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుపోయిన మనిషి. మొగుడు సణిగితే, "వాడు తినేది నా ముద్దలోదిలే," అందట. అలాంటి అక్కను చూసి ఎన్నాళ్లయింది? పండక్కి రమ్మంటే పని, జాతరకు రమ్మంటే పని. ఈ బండొకటి అయిపోనీ, పోదాంలే అనుకుంటూనే జుట్టు నెరిసింది.

కారు శామ్యూల్‌ది, బాడుగలకు తిప్పుకుంటాడు. సంగతి విని, "అన్నా, ఈయాళప్పుడు ఆ దిక్కుకు బస్సు యాడుండాది? పని కానీ, నేనే దింపుతా," అన్నాడు. మంచి మాటే. కానీ పని అయితే కదా? పట్టించడమైతే అయింది, ఆరడానికి మాత్రం సీలెంటు ఎవరి తొందరా వినదు. ఓబుళప్ప వేలితో తాకి చూశాడు, అంటుకుంది. బీడీ ముట్టించి పారేశాడు. మళ్లీ తాకాడు, మళ్లీ అంటుకుంది. కూర్చుంటే కాళ్లు ఊరుకోవు, నిలబడితే మనసు ఊరుకోదు. ఇంతలో హేమావతి ఇంకోసారి చేసింది. "వస్తాండావా మామా?" ఆ గొంతు వెనక ఎవరో దగ్గారు. అక్కేనేమో అనుకుని కొంచెం కుదుటపడ్డాడు.

బీడింగు తొడగబోతూ చూశాడు. గూటి అడుగున వాననీళ్లు పోయే బెజ్జం లేదు. ఉండాల్సిన చోట తన సీలెంటే నున్నగా కప్పేసి ఉంది. చేతులారా తనే పూడ్చాడు. వదిలేస్తే నీళ్లు లోపలే నిలిచి, కొత్త రేకు కూడా జల్లెడవుతుంది. పొడుద్దామంటే సగం ఆరిన పొర చిరిగి అతుకంతా లేస్తుంది. గీకేసి మళ్లీ మొదటినుంచి పట్టించాలి. ఇన్నేళ్లలో ఒక్క బండినీ ఆయన అట్లా పంపలేదు. ఈ ఒక్కసారికి కానీలే అనుకున్నాడు. బీడింగు నొక్కేసి, చేతులైనా కడుక్కోకుండా కారెక్కాడు.

దారంతా కుదురు లేదు. గుంత వచ్చినప్పుడల్లా వెనక చక్రం వైపు తిరిగి చూస్తాడు. చెబుదామని నోరు తెరుస్తాడు, శామ్యూల్ బండి ఆపుతాడేమోనని మూసుకుంటాడు. ఇంకొంచెం తొందరగా పోనిమ్మని మాత్రం రెండుమూడుసార్లు అడిగాడు.

చౌడక్క ఇంటి ముందు జనం ఉన్నారు. పంచలో ఆమెను పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు. హేమావతి వచ్చి చేయి పట్టుకుంది.

"నేను ఫోను చేసేసరికే పోయింది మామా. ఫోన్లో ఎట్ల చెప్పేది? రాత్రి నిన్ను పిలుస్తానంటే, వద్దు, వాడు పని మీదుంటాడు, తొందర పెట్టొద్దు అనింది."

ఈ దిక్కున చావు కబురు ఫోన్లో ఎవరు చెబుతారు? బాగలేదు రమ్మంటారు. ఆ సంగతి ఓబుళప్పకు తెలియదా? తనే ఎంతమందికి అట్లా చెప్పి పిలిపించలేదు? తన అక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం విన్నది విన్నట్టే నమ్మాడు.

ఆయన శామ్యూల్ వైపు తిరిగాడు. "నీళ్లు పోయే బెజ్జం మూసేసినానప్పా. రేపు బండి తీసకరా, పీకి మళ్లీ చేస్తా."

"ఇప్పుడదెందుకులేన్నా," అన్నాడు శామ్యూల్.

"తొందరలో మూసేసినా," అంటూనే ఓబుళప్ప గోడవారన కూలబడి, ఆడామగా అందరూ చూస్తుండగా బావురుమన్నాడు.

పక్కన చౌడక్క ఆకువక్క సంచి మూతి తెరిచే ఉంది. సున్నం రాసి, వక్కపలుకు పెట్టి మడిచినా ఆమె నోటిదాకా పోని తమలపాకు ఒకటి అందులో కొసలు వాడి అట్లాగే ఉంది.