మొదటి గడిలో సున్నా

ల్యాబ్ గోడ మీద అరచేతంత మీటరు ఒకటి ఉంది. గ్యాస్ లీకైతే అందులో అంకె పెరుగుతుంది. పది దాటితే బర్నర్ల జోలికి వెళ్లకూడదు. దాని కూత భరించలేక ఎవరో మహానుభావుడు ఎప్పుడో నోరు నొక్కేశాడు. అందుకని పిల్లలే అంకె చూసి, ట్యాబ్‌లో రికార్డు మొదటి గడి నింపాలి. ఆ రికార్డులకు మార్కులు వేసేది ఇప్పుడు ప్రోగ్రామే. దానికి నమూనా రాసిచ్చింది కెమిస్ట్రీ మేడమ్. మొదటి గడిలో ఆమె సున్నా వేసింది, మీటరు వైపు చూడకుండానే.

మూడు వారాల కిందట ఒకమ్మాయి స్టాఫ్‌రూముకు వచ్చింది. అడిగిందే అడుగుతుందని మేడమ్ ఆమెకు ‘సందేహం’ అని ముద్దుపేరు పెట్టింది.

“మేడమ్, మీటర్లో ఆరు ఉంటే ఆరే రాశాను. ప్రోగ్రాము రెండు మార్కులు కోసేసింది.”

మేడమ్ జవాబుపత్రాల్లోంచి తల ఎత్తలేదు. “ఆ మీటరు ముసలిదమ్మా, దానికి చాదస్తం. సున్నా వేసెయ్. ఉత్తపుణ్యానికి మార్కులు పోగొట్టుకుంటావా?”

“అంటే చూసింది రాయొద్దా?”

“నీతో వేగలేను తల్లీ, వెళ్లు.”

సందేహం వెళ్లింది. ఆ తర్వాత ఏమీ అడగలేదు. దారిలో పడిందని మేడమ్ సంతోషించింది కూడా.

ఈ మధ్యాహ్నం హెడ్‌మాస్టరు వచ్చి, క్లాసు సగటు తొంభై ఎనిమిదికి చేరిందని మెచ్చుకుని వెళ్లాడు. ఆ మురిపెంతోనే ఆమె స్క్రీన్ మీద రికార్డులు తిరగేసింది. ముప్పై నాలుగు మంది, మూడు వారాలు, మొదటి గడిలో అన్నీ సున్నాలే. కిటికీ తెరిచినా మూసినా ఒకటో రెండో అటూ ఇటూ అయ్యే మీటరది. ఆమె చూస్తుండగానే ఇవాళ్టి గడులు నిండుతున్నాయి. సున్నా, సున్నా, సున్నా. పై అంతస్తులో ల్యాబ్ క్లాసు మొదలైంది.

ఆమె పరుగు అందుకుంది. మెట్ల మీద సందేహం తల పట్టుకుని కూర్చుని ఉంది.

“కళ్లు తిరుగుతున్నాయి మేడమ్. ల్యాబ్ సార్ బయట కూర్చోమన్నారు.”

“మీటర్లో ఎంతుంది? నిజం చెప్పు.”

“నలభై. నిన్న ముప్పై.”

“వాసన రాలేదా?”

“వచ్చింది. దానికి గడి లేదు.”

“మరి నాతో చెప్పవేం?”

ఆ పిల్ల ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. “ఆరున్నప్పుడు చెప్పాను కదండీ.”

మేడమ్ ఆ పిల్లను దాటుకుని పైకి పరుగెత్తింది. ఇంకా పద్నాలుగు మెట్లున్నాయి. పైనుంచి, నాలుగు రోజులుగా జలుబుతో ముక్కు మూసుకుపోయిన ల్యాబ్ సార్ గొంతు తీరిగ్గా వినిపించింది.

“అందరికీ సున్నాయేనా?”

“సున్నాయే సార్,” అన్నారు ముప్పై మూడు మందీ.

“అయితే వెలిగించండి.”