విరిగిన సూది మొన

కుట్టు టైరుకి పంచరు వేయడం మామూలు టైరుకి వేసినంత తేలిక కాదు. ట్యూబును లోపల పెట్టి టైరును చుట్టూ కుట్టేసి, బంకతో చక్రానికి అంటిస్తారు. పంచరైతే టైరు పీకాలి, కుట్టు విప్పాలి, అతుకు వేయాలి, మళ్ళీ పాత కన్నాల్లోంచే కుట్టాలి. ఆ పనిలో అత్తగారిది అందె వేసిన చేయి. నోరు కూడా సూదికి తీసిపోదు.

మరిది పందెం సైకిలు ముందు టైరు కుట్టే పని ఆవిడ మొదటిసారిగా కోడలికి అప్పగించింది. ఇంకో నాలుగు కుట్లుండగా సూది పుటుక్కున విరిగింది. మొన ఎటు పోయిందో కనబడలేదు. కిందెక్కడో పడుంటుందిలే అని మనసుకి సర్దిచెప్పుకొని, వేరే సూదితో కుట్టు ముగించింది కోడలు. అత్తగారి తిట్లకి జడిసి నోరు మెదపలేదు.

పందెం రోజు పొద్దున, అత్తగారూ మరిదీ వెళ్ళాక, కోడలు సైకిళ్ళ కొట్టంతా ఊడ్చింది. అయస్కాంతం పెట్టి మూలమూలా వెతికింది. చిన్న మేకులు దొరికాయి గానీ మొన దొరకలేదు. పందెం దారంతా కొండ దిగుడు. ఏ మలుపులోనో ముందు టైరు గాలి పోతే?

చీపురు అక్కడే పడేసి పరుగెత్తింది.

మరిది అప్పటికే వరసలో నిలబడ్డాడు. పక్కన అత్తగారు.

"చక్రం మార్చు! టైర్లో సూది మొన ఉండిపోయిందేమో!"

"ఏమో ఏంటి వదినా? గాలి గట్టిగానే ఉందిగా. మనం తెచ్చిన ఆ రెండో చక్రం రోకలిబండంత బరువు. దాంతో తొక్కితే ఆఖరున వస్తాను."

"మొన్న విరిగితే ఇప్పుడా చెప్పడం?" అత్తగారు కళ్ళెర్రజేసింది.

అవతల పందెం మొదలుపెట్టే ఆయన ఈల నోట్లో పెట్టుకున్నాడు. కోడలు వంగి, వాల్వు తిప్పి నొక్కిపట్టింది. గాలి బుస్సుమని పోయింది.

"వదినా!" మరిది అరిచిన అరుపు ఈలలో కలిసిపోయింది. మిగతావాళ్ళంతా వెళ్ళిపోయారు. అత్తగారు గబగబా రెండో చక్రం బిగించింది. అతను వెనక్కి చూడకుండా తొక్కుకుపోయాడు.

రోడ్డు పక్కనే కూర్చుని అత్తాకోడళ్ళిద్దరూ ఆ టైరు పీకి కుట్టు విప్పారు. నాలుగు కుట్లు, ఏమీ లేదు. పది విప్పారు, లేదు. మరిదికి ఏ మొహం చూపించాలో కోడలికి తెలియలేదు. ఇంకో జానెడు విప్పాక అత్తగారి చెయ్యి ఆగింది. బియ్యపుగింజంత మొన, టైరు లోపలి బట్టలో గుచ్చుకుని, ట్యూబు వైపే తిరిగి ఉంది.

మరిది పంతొమ్మిదోవాడుగా వచ్చాడు. తల్లి అరచేతిలో మొన చూసి, వదిన చేతిలోని నీళ్ళ సీసా అందుకున్నాడు.

"విరిగినప్పుడే చెప్పి ఏడవచ్చుగా?" అంది అత్తగారు.

"తిడతారని..."

"తిడతాను. తిట్టకేం చేస్తాను? తిట్లకి ఎవరైనా చచ్చారటే?"