గొడుగాయన గొంతు

ఆయన అసలు పేరు ఎంతమందికి తెలుసో చెప్పలేం. కూరగాయల కొట్టులో, బస్సులో, ఆఖరికి ఆస్పత్రి నర్సుల నోట కూడా ఆయన గొడుగాయనే. వయసులో ఉండగా వరసపెట్టి వచ్చిన సినిమాల్లో చంకన నల్లగొడుగు పెట్టుకుని తిరిగే డిటెక్టివుగా వేశాడు. ఎండ మండినా వాన దంచినా ఆ గొడుగు విప్పేవాడు కాదు. చివరి సీనులో మాత్రం అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, హత్య ఎలా జరిగిందో మొదటినుంచీ విప్పి చెప్పేవాడు. జనం ఎగబడి టిక్కెట్లు కొన్నది ఆ చెప్పడం కోసమే. తీగ లాగినట్టు సాగే గొంతు. హాల్లో వెనకబెంచీ వాడికి కూడా తన చెవిలోనే చెబుతున్నట్టు ఉండేది.

ఆ డిటెక్టివు ముసలివాడైతే ఎలా ఉంటాడో సినిమా తీద్దామని ఒకమ్మాయికి బుద్ధి పుట్టింది. పాత సినిమాలకి కెమెరా పట్టినాయన కూతురు ఆమె. గొడుగాయనను ఊహ తెలిసినప్పటినుంచీ బాబాయ్ అనే పిలిచేది. ఇంటికొచ్చి కథ చెప్పింది. కేసులు మానేసిన డిటెక్టివు మేడమీద గదిలో ఒంటరిగా ఉంటాడు. మతిమరుపు మొదలైంది. ఎదురింటి సంగీతం మాస్టారు పోతే అందరూ గుండెపోటు అంటారు, ఈయనొక్కడే కాదంటాడు. ముసలాడికి చాదస్తం అని నవ్వుతారు.

గొడుగాయన కళ్లు మూసుకుని అంతా విని, "ఎప్పుడు మొదలెడదాం?" అని మాత్రం అడిగాడు.

షూటింగు చకచకా సాగింది. షూటింగుకి తీసుకున్న మేడ రద్దీ రోడ్డు పక్కన ఉండటంతో బస్సుల మోత మాటలమీద పడేది. మాటలన్నీ తర్వాత డబ్బింగు గదిలో చెప్పుకోవచ్చులే అనుకున్నారు. చివరి సీను కూడా అయిపోయింది. ఇంక గొంతు ఒక్కటే బాకీ అనుకుంటుండగా, ఒక పొద్దున గడ్డం గీసుకుంటున్న గొడుగాయన చేతిలోంచి రేజరు జారి సింకులో పడింది. తీద్దామంటే చెయ్యి లేవలేదు. భార్యను పిలుద్దామంటే నోరు ఒక పక్కకి లాగేసింది.

సమయానికి ఆస్పత్రికి చేర్చారు కాబట్టి చెయ్యీ కాలూ మెల్లగా దారికొచ్చాయి. మాట మాత్రం సగమే తిరిగొచ్చింది. 'సాక్ష్యం' అందామంటే 'సాచ్చం' అని వచ్చేది. 'నేరస్థుడు' అనబోతే 'నేయత్తుడు'. 'ర' అన్న అక్షరం ఆయన మీద పగబట్టినట్టే ఉంది.

దర్శకురాలు చూడటానికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు చీర కొంగు నలిపింది.

"బాబాయ్, నిర్మాతగారు వేరే గొంతు పెట్టిద్దామంటున్నారు. చిలకని మాట్లాడారట."

చిలక అంటే మిమిక్రీ ఆర్టిస్టు. వేదికలెక్కి గొడుగాయన గొంతును అచ్చంగా దించేసి, ఆ ఒక్క గొంతుతోనే పేరు తెచ్చుకున్నవాడు.

"నువ్వేమన్నావ్?" అన్నాడు గొడుగాయన. ఆ ఒక్క ముక్క బయటికి రావడానికి ఆయన మెడ నరాలు తేలాయి.

"నేనేమనను బాబాయ్? విడుదల నెత్తిమీదకొచ్చింది."

"మొహం నాది. మాటా నాదే. నెల... ఆగు."

"నెల్లో అవుతుందా?"

"అవకపోతే అప్పుడు చిలక."

మర్నాటినుంచి ఆ ఇంట్లో వేరే పని లేదు. మాట నేర్పే డాక్టరమ్మ చెప్పినట్టు అద్దం ముందు కూర్చుని నాలుక అంగిటికి ఆనించడం, బుగ్గలు పూరించడం, మోటారు వేసినట్టు 'ర్ర్ర్' అనడం. అన్నం చల్లారిపోయేది, ఆయన లేచేవాడు కాదు. భార్య నాటకాల రోజుల్లో తెరచాటునుంచి నటులకు మాటలు అందించిన మనిషి. ఇప్పుడు ఎదురుగా కూర్చుని చివరి సీను మాటలు ఒక్కొక్కటే అందించేది. తప్పు వస్తే తప్పు అనేది. జాలిపడేది కాదు. ఆయనకు కోపమొస్తే కాగితాలు విసిరేసేవాడు. ఆవిడ ఏరి, దుమ్ము దులిపి, "ఊఁ, కానివ్వండి" అనేది.

రెండు వారాలు గడిచినా 'ర' లొంగలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం గుమ్మంలో నలభై ఏళ్ల మనిషి పళ్ల సంచితో నిలబడ్డాడు. భార్య పోల్చుకుంది. చిలక.

"ఏం నాయనా, మా ఆయన గొంతు ఎత్తుకుపోవడానికి అనుమతి కావాలా?" అంది లోపలికి రమ్మనకుండానే.

"అమ్మా, తిట్టండి, పడతాను. ముందు గురువుగారిని ఒక్కసారి చూడనివ్వండి."

గొడుగాయన లోపలినుంచి చెయ్యి ఊపాడు. చిలక వచ్చి కింద కూర్చోబోతే కుర్చీ చూపించాడు.

"గురువుగారూ, నేను ఒప్పుకున్న మాట నిజమే. ముందుజాగ్రత్తకని నిర్మాతగారు పిలిస్తే రెండు రోజులు డబ్బింగు గదిలో కూర్చున్నాను కూడా. కుదరట్లేదు. నాకొచ్చింది అప్పటి మీ గొంతు. తెరమీదేమో ఇప్పటి మీ మొహం. మనవడి చొక్కా తాతకి తొడిగినట్టుంది."

"ఏదీ, చెప్పు."

చిలక గొంతు సవరించుకుని పాత సినిమా చివరి సీను ఎత్తుకున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ గరిట చేత్తో పట్టుకునే గుమ్మందాకా వచ్చింది. ఒకప్పుడు ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీ అడిగిన గొంతు, కోపంలో ఇల్లు అదరగొట్టిన గొంతు, పిల్లకు జ్వరమొస్తే పక్కన కూర్చుని కథలు చెప్పిన గొంతు, ఎవరో పరాయి మనిషి నోట్లోంచి వస్తోంది. ఆవిడ తలుపు రెక్క పట్టుకుంది. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి రాలేదు.

చిలక చూసి టక్కున ఆపేశాడు. "తప్పయిపోయిందమ్మా."

"ఆపకు," అన్నాడు గొడుగాయన. "మళ్ళీ. మెల్లగా."

చిలక మళ్ళీ చెప్పాడు. గొడుగాయన అతని నోటివైపే రెప్ప వెయ్యకుండా చూశాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. చిలక తనకు తెలియకుండానే పాఠం చెప్పడం మొదలెట్టాడు. "ఇదుగో, ఇక్కడ మీరు ఊపిరి మింగుతారు గురువుగారూ. 'ర' ముందు చిటికెడు ఆగుతారు. జనం అది స్టైలు అనుకుంటారు గానీ, మీ నాలుక అప్పట్లోనే దానికి భయపడేది."

గొడుగాయన తెల్లబోయాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. జబ్బు పడ్డాక ఆయన నవ్వడం అదే మొదలు. "నిజమే. చిన్నప్పుడు నాకు... నత్తి," అన్నాడు. ఆ సంగతి కట్టుకున్న భార్యకు కూడా తెలియదు.

"ఇన్నాళ్లూ నాకు చెప్పనేలేదేం?" అందావిడ.

"పోగొట్టుకున్నా కదా. ఎందుకూ... చెప్పడం?"

ఒకప్పుడు నత్తిని పోగొట్టుకున్నవాడికి మళ్ళీ పోగొట్టుకోవడం చేతకాదా అన్న పట్టుదల ఆ రోజే పుట్టింది. చిలక రోజూ రావడం మొదలెట్టాడు. ఈయన చెప్పడం, అతను ఆపడం, భార్య అందించడం. "అక్కడ ఆగండి. ఊపిరి. ఇప్పుడు అనండి." పాత గొంతు తిరిగి రాలేదు. అరిగిన, బరువైన, మెట్లెక్కి వచ్చిన మనిషిలా రొప్పే గొంతొకటి తయారైంది. కానీ అందులో మాట తెలుస్తోంది.

డబ్బింగు గదిలో మొదటిరోజు ఘోరంగా పోయింది. తెరమీద పెదవులు పరిగెడుతుంటే ఈయన మాట వెనక కుంటుతూ వచ్చేది. నిర్మాత అద్దం అవతల కూర్చుని వాచీ చూసుకున్నాడు. సౌండు ఇంజినీరు నొచ్చుకుంటూనే, "సార్, ముక్కలు ముక్కలుగా చెప్పండి, నేను అతికిస్తాను," అన్నాడు.

"అతికిస్తే అతుకు వినపడుతుంది," అన్నాడు గొడుగాయన. "మళ్ళీ వెయ్యి."

సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. నిర్మాత దర్శకురాలి దగ్గర మొహమాటం వదిలేశాడు. "పెద్దాయన్ని ఎందుకమ్మా హింసపెడతావ్? రేపు చిలక చెప్పేస్తాడు."

మూలన కూర్చున్న చిలక లేచి నిలబడ్డాడు. "నేను చెప్పనండీ."

"ఒప్పుకున్నావు కదయ్యా!"

"ఒప్పుకున్నాను. ఇప్పుడు ఒప్పుకోవట్లేదు."

దర్శకురాలు అప్పటిదాకా తెర చూస్తోంది. ఉన్నట్టుండి, "బాబాయ్, పెదవులు వదిలెయ్," అంది. "నీ దారిన నువ్వు చెప్పు. బొమ్మ సంగతి నేను చూసుకుంటా."

మర్నాడు తెర ఆర్పించింది. గొడుగాయన చేతికర్ర భార్యకిచ్చి, మైకు స్టాండు పట్టుకుని నిలబడ్డాడు. సంగీతం మాస్టారిని చంపిందెవరో, ఎందుకో, ఎలాగో తన నడక వేగంతోనే చెప్పుకొచ్చాడు. ఆగాల్సినచోట ఆగాడు. ఊపిరి మింగాడు. చిట్టచివర 'నేరస్థుడు' అన్న మాట ముందు ఎంతసేపు నిలిచాడంటే, ఇంజినీరు ఇంక రాదనుకుని రికార్డింగు ఆపే మీట మీదకి చెయ్యి పోనిచ్చాడు. భార్య పెదవులు కదిలాయి గానీ శబ్దం చెయ్యలేదు. అందించకూడదని ఆవిడకు తెలుసు.

మాట వచ్చింది. కొంచెం గీరుకుపోయి, కానీ ఒక్క అక్షరం రాలకుండా వచ్చింది.

మిగతా సీన్లూ అలాగే చెప్పించుకుని, దర్శకురాలు ఎడిటింగులో కూర్చుని ఆ చివరి సీనంతా మళ్ళీ కూర్చింది. మాట్లాడే డిటెక్టివును కాసేపే ఉంచి, వినే హంతకుడి మొహం మీద బొమ్మ నిలిపింది. ముసలాయన ఆగిన ప్రతిచోటా వాడి నుదుటిమీద చెమట పెరుగుతూ ఉంటుంది. తర్వాతి మాట ఏమొస్తుందోనని వాడితోపాటు చూసేవాడికీ గుండె దడే.

విడుదలరోజు భార్యాభర్తలిద్దరూ మధ్యాహ్నం ఆటకు వెళ్లి వెనకవరసలో కూర్చున్నారు. మొదట్లో కొందరు గొణిగారు. "ఏంటీ, గొంతు ఇలా అయిపోయింది?" అని ఎవడో పైకే అన్నాడు. ముందువరసలో ఇద్దరు కుర్రాళ్లు ఈలలు వేశారు. చివరి సీను వచ్చింది. ఒకడు పక్కవాడితో, "సరిగ్గా వినపడట్లేదురా," అన్నాడు.

"వినపడాలంటే నువ్వు నోరు ముయ్యాలి," అన్నాడు పక్కవాడు.

ఆ తర్వాత హాల్లో ఎవరూ మాట్లాడలేదు. గొడుగాయన తెర చూడటం మానేసి, చీకట్లో ముందుకు వంగి వింటున్న వీపుల్ని చూస్తూ కూర్చున్నాడు. భార్య ఆయన చెవి దగ్గరికి వంగి, నాటకాల రోజుల్లో తెర దిగాక నటులతో అన్నట్టే, "బాగా చెప్పారు," అంది.

"రేపు... ఇంకా బాగా చెబుతా," అన్నాడాయన.